పని లేనివాళ్ల బెంచీ

నేను రిటైరవడానికి కొంచెం ముందు మా ఆసుపత్రికి బెంగళూరు నుంచి ఒక శిక్షకురాలు వచ్చింది. ఒకేచోట పనిచేసే వేర్వేరు భాషలవాళ్లు, వేర్వేరు అలవాట్లవాళ్లు ఒకరినొకరు కలుపుకుపోవడం ఎలాగో నేర్పడం ఆమె పని. మంచి పిల్ల. చేతినిండా రంగు కాగితాలు, నోటినిండా నవ్వు. క్యాంటీనులో నాలుగు టేబుళ్లు వేయించి, ఒక్కోదాని మీద ఒక్కో రాష్ట్రం పేరు పెట్టి, ఎవరి రాష్ట్రం దగ్గరికి వాళ్లు వెళ్లమంది.

మలయాళీ నర్సులు బిలబిలమంటూ కేరళ చుట్టూ చేరారు. తమిళులు తమిళనాడుకు, కన్నడిగులు కర్ణాటకకు వెళ్లారు. నేను మధ్యలో నిలబడ్డాను. మాది తమిళనాడు అంచున, హోసూరు దగ్గర బేరిగై. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మా తాతల తాతలు కూడా ఈ గడ్డ మీదే రాగులు పండించుకుని తిన్నారు. తమిళనాడు వైపు రెండడుగులు వేశానో లేదో ఆ పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది. "మేడమ్, మీరు తెలుగు కదా? మీది ఆంధ్రా టేబుల్" అని తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఆ టేబుల్ దగ్గర గోంగూర పచ్చడి సీసా ఒకటి, నేను ఒకదాన్ని. ఇద్దరమూ బయటినుంచి తెచ్చిపెట్టిన సరుకులాగే ఉన్నాం.

కాసేపటికి నాకు తోడుగా అంబులెన్సు డ్రైవరు మంజప్పను పంపారు. మంజప్పది సరిహద్దు మీదున్న జూజువాడి. ఇల్లు తమిళనాడులో, ఆవుల కొట్టం కర్ణాటకలో. పెళ్లాంతో తెలుగు, ఆవులతో కన్నడం మాట్లాడతాడు.

"నేను యాడ కూకోవాలమ్మా?" అన్నాడు.

"పోయి నీ ఆవును అడగప్పా" అన్నాను.

ఆయన రెండు రాష్ట్రాల మధ్య నడవాలో కుర్చీ వేసుకున్నాడు. కాఫీ తెచ్చే మనిషి వచ్చిన ప్రతిసారీ లేచి దారి ఇచ్చాడు.

ఆ పిల్లను వెక్కిరించాలని ఇది రాయడం లేదు. తనకు నేర్పింది తను మాకు నేర్పింది. కానీ ఈ విద్యను నేను ఔట్ పేషెంటు బెంచీ దగ్గర నేర్చుకున్నాను, అదీ ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చాక. ఇప్పుడు నర్సింగులోకి వస్తున్న పిల్లల కోసం ఆ సంగతి రాస్తాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను. అది నాకూ, ఆఫీసు గుమాస్తాకూ తప్ప ఎవరికీ అక్కర్లేదు.

మెల్లగా మాట్లాడితే తమిళం

కృష్ణగిరి ప్రభుత్వాసుపత్రిలో కొన్నేళ్లు చేసి, తొంభైల చివర్లో హోసూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంటుగా వచ్చాను. ఫ్యాక్టరీలు వచ్చి ఊరు నాలుగు దిక్కులా పెరిగిపోతున్న రోజులవి. ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు తమిళులు, నర్సులు మలయాళీలు, డ్రైవర్లు కన్నడం, ల్యాబులో ఉర్దూ. వచ్చే రోగుల్లో సగానికి పైగా తెలుగు. అందరికీ ఒకేలా అర్థమయ్యేది హాల్లోని గోడ గడియారం ఒక్కటే. అదీ వెనకబడి నడిచేది.

ఆసుపత్రి పెద్ద డాక్టర్ రంగరాజన్. తంజావూరు వైపు మనిషి. వైద్యంలో ఆయన చెయ్యి బంగారం, అందులో సందేహం లేదు. కానీ తమిళాన్ని గట్టిగా అరిస్తే తెలుగైపోతుందని ఆయన నమ్మకం. కొత్తగా కొట్టాయం నుంచి వచ్చిన లిస్సీ అనే నర్సుకు, మలయాళాన్ని మెల్లగా మాట్లాడితే తమిళమైపోతుందని నమ్మకం. ఇద్దరూ కల్మషం లేనివాళ్లే. వాళ్లిద్దరి మధ్య, పక్కనున్న తళి ఊరి నుంచి బస్సులో వచ్చిన రైతు బిక్కమొహం వేసుకుని నిలబడేవాడు.

లిస్సీని మొదట కానుపుల వార్డులో వేశాను. ఒకరోజు నొప్పులు పడుతున్న ఒకామె దగ్గరికి వెళ్లి "వేదనయుండో?" అని ప్రేమగా అడిగింది. మలయాళంలో వేదన అంటే నొప్పి. మనామెకు తన కష్టసుఖాలు అడుగుతున్నట్టు వినబడింది.

"వేదన లేకుండా ఎట్ల ఉంటాది తల్లీ! మా అత్త ఉండాదే..." అని పెళ్లినాటి నుంచి మొదలుపెట్టింది. లిస్సీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చెయ్యి వదలకుండా పట్టుకుని, మధ్యమధ్యలో "అయ్యో" అంటూ కూర్చుంది. అయ్యో అన్నది ఇటువైపు అన్ని భాషల్లోనూ అయ్యోనే. అత్త కథ అయిపోయి ఆడబిడ్డ కథ సగంలో ఉండగా బిడ్డ పుట్టింది. ఆ వార్డులో నేను చూసిన కానుపుల్లో అంత సులువుగా జరిగింది ఇంకోటి లేదు.

ఈ సంగతి డాక్టర్ గారి చెవిన పడింది. రోగులతో ఇంత బాగా మాట్లాడే పిల్ల లోపలెందుకు, గుమ్మం దగ్గరే ఉండాలన్నారు. ఔట్ పేషెంటు గుమ్మంలో ఆమెను నిలబెట్టారు. అసలు కథ అక్కడ మొదలైంది.

గుమ్మంలో లిస్సీ పని ఒక్కటే. వచ్చినవాళ్లను జ్వరం ఉందా అని అడగాలి. ఉందంటే కుడిచేతి బెంచీ మీద కూర్చోబెట్టి థర్మామీటరు పెట్టాలి. లేదంటే ఎడమచేతి బెంచీ. జ్వరం వాళ్లయ్యాక ఎడమ బెంచీవాళ్లను డాక్టర్ చూస్తారు.

మలయాళంలో జ్వరాన్ని పని అంటారు. వాళ్లు చేసే పని వేరే, దాన్ని నాలుక మడిచి పణి అంటారు. తమిళంలో పని అంటే మంచు. మనకు పని అంటే పని.

"పనియుండో?" అని లిస్సీ అడిగేది.

"ఉండాదమ్మా, చానా పని ఉండాది, బేగ పంపించు" అని రైతు చెప్పేవాడు. పాపం, జ్వరం చాలా ఎక్కువగా ఉందనుకుని లిస్సీ అతన్ని పట్టుకుని నడిపించి కుడి బెంచీ మీద కూర్చోబెట్టేది. "పని లేదమ్మా" అన్నవాళ్లను ఎడమ బెంచీకి పంపేది. లేదు అన్న మాట ఆమె వచ్చిన మొదటిరోజే నేర్చుకుంది. మా ఊళ్లో ఏది అడిగినా ముందు అదే జవాబు కదా.

డాక్టర్ గారు అటువైపు వెళుతూ ఈ మాటలు వినేవారు. హోసూరులో చలికాలం పొద్దున బాగా మంచు పడుతుంది. బయట మంచు ఉందా అని వచ్చిన ప్రతివాణ్నీ ఈ పిల్ల ఎంత మర్యాదగా పలకరిస్తోందో అని మురిసిపోయేవారు. నేను పై అంతస్తులో వార్డుల్లో ఉండేదాన్ని. నాకు ఇవేవీ వినబడేవి కావు.

వేడి లేని జ్వరం

కుడి బెంచీ రోజూ నిండిపోయేది. థర్మామీటరు పెడితే ఒక్కరికీ జ్వరం ఉండేది కాదు. డాక్టర్ గారు మొదట థర్మామీటర్లను అనుమానించారు. హోసూరు ఎత్తు మీద ఉన్న ఊరు, చలికి పాదరసం బద్ధకిస్తోందన్నారు. కొత్తవి తెప్పించారు. అవీ అదే చూపించాయి. ఇంకొకరైతే అక్కడ ఆగి, రోగిని ఒక మాట అడిగేవారు. ఆయన చదువుకున్న మనిషి. ఆగలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి తలుపు వేశారు. మొహం వెలిగిపోతోంది.

"సరోజమ్మా, ఇది కొత్త జబ్బు. ఇంతవరకు యారుమే కండుపిడిక్కలే" అన్నారు. ఎవరూ కనిపెట్టలేదట. రోగికి జ్వరం ఉన్నట్టే ఉంటుంది, ఒంట్లో వేడి ఉండదు. చెన్నైలో డాక్టర్ల సభలో దీని మీద మాట్లాడతానన్నారు.

గోడకు హోసూరు తాలూకా పటం తగిలించి గుండుసూదులు గుచ్చారు. రాగి కోతలు ఎక్కడ జోరుగా ఉంటే అక్కడ జ్వరం ఎక్కువ. బేరిగై వైపు మరీ ఎక్కువ. పండగ రోజుల్లో జబ్బు దాదాపు మాయం. ఖాళీగా తిరిగేవాళ్లకు అసలు రాదు. "చూశారా, విశ్రాంతిగా ఉన్న శరీరాన్ని ఇది ముట్టుకోవడం లేదు" అన్నారు. ఎర్రమట్టిలో ఏదో పురుగు ఉందనీ, కొడవలి పట్టిన చేతి గుండా లోపలికి పోతుందనీ ఒక ఊహ కూడా చేశారు.

మా పెద్దమ్మ కోడలు ఆ బెంచీ మీదినుంచి మాత్రలు తెచ్చుకుంది. ఏమైందే నీకు అంటే, "ఏమీ లేదు వదినా, కాలికి ముల్లు గుచ్చుకునింటే పోతిని. పని ఉండాదని చెప్తిని, సూదేసి పంపిరి" అంది. పెద్ద ఆసుపత్రి, ఏదో పద్ధతి ఉంటుందిలే అనుకుందట. మనవాళ్లకు డాక్టరును ప్రశ్నించే అలవాటు లేదు. ఆ మాటలు నాకు చెప్పింది కూడా అంతా అయిపోయాకే.

కొన్నాళ్లకు ఊళ్లలో ఒక సంగతి పాకింది. ఆ ఆసుపత్రిలో పని ఉందంటే సూది గుచ్చుతారు, లేదంటే గుచ్చరు. అప్పటినుంచి చేతినిండా పని ఉన్నవాళ్లు కూడా గుమ్మంలో "పని లేదు" అనడం మొదలుపెట్టారు. డాక్టర్ గారు జబ్బు తగ్గుముఖం పట్టిందని పటం మీద కొన్ని గుండుసూదులు తీసేశారు.

సెలక్షన్

ఇప్పుడు ఎడమ బెంచీ సంగతి.

గుమ్మంలో తెల్లబట్టల సిస్టరు పని ఉందా అని అడుగుతుంది. లేదంటే, పాపం అన్నట్టు చూసి, కూర్చోమంటుంది. తర్వాత డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూస్తాడు. హోసూరులో ఏ ఫ్యాక్టరీలోనైనా చేర్చుకునే ముందు ఇలాగే చూస్తారు. ఇది దేనికి జరుగుతోందో బెంచీ మీద కూర్చున్నవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆసుపత్రిలో మనుషుల్ని తీసుకుంటున్నారు. అంతే.

మాట ఊరు దాటింది. పడుచువాళ్లు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పదో తరగతి సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రావడం మొదలుపెట్టారు. కృష్ణగిరి నుంచి మొదటి బస్సుకే దిగేవాళ్లు. ఎడమ బెంచీ చాలక గోడ పొడుగునా నిలబడేవాళ్లు.

డాక్టర్ గారి గదిలో జరిగిన మాటలు తర్వాత అందరమూ చెప్పుకుని నవ్వుకున్నాం.

"ఎన్న ప్రాబ్లమ్?" అని డాక్టర్ అరుస్తారు.

"ప్రాబ్లమ్ ఏమీ లేదు సార్. ఏ షిఫ్టైనా చేస్తాను."

"ఎంగ వలిక్కుదు?" ఎక్కడ నొప్పి అని.

"యాడా లేదు సార్. నూరు కేజీల మూట ఎత్తుతాను."

డాక్టర్ గారు గొట్టం పెట్టి చూసి, గుండె దిట్టంగా ఉందని, బలానికి నాలుగు విటమిన్ మాత్రలు రాసేవారు. మాత్రలు ఇచ్చారంటే పరీక్ష పాసైనట్టే అని వాళ్లు లెక్కేసుకున్నారు. ఇంటికెళ్లి, కాయితం పోస్టులో వస్తుందని చెప్పుకున్నారు. ఒకాయనకు ఆ మాత్రల మీదే పెళ్లి సంబంధం ఖాయమైంది.

చదువుతున్న మీకు నవ్వు వస్తుంది. నాకూ వస్తుంది. కానీ ఆ బెంచీ మీద ఒక నిజమైన జ్వరం మనిషి కూడా కూర్చుని ఉన్నాడు.

మునియప్ప

మునియప్పది తళి దగ్గర పల్లె. అక్కడ ప్లాస్టిక్ పట్టా కప్పిన పందిళ్ల కింద గులాబీలు పెంచే తోటలో పనిచేసేవాడు. తోట ఆసామికి నష్టం వచ్చి మూసేశాడు. పని పోయింది. కూలి కోసం రోజూ చలిలో తిరిగి తిరిగి మునియప్పకు దగ్గు పట్టింది, వెనకే జ్వరం పట్టింది. పెళ్లాం లక్ష్మమ్మ బలవంతం చేసి మా ఆసుపత్రికి తీసుకొచ్చింది.

జ్వరం చూపించుకోవడానికే వచ్చాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

గుమ్మంలో లిస్సీ "పనియుండో?" అంది. మునియప్ప తల దించుకుని, "పని లేదమ్మా" అన్నాడు. ఒళ్లు కాలిపోతున్న మనిషిని ఆ పిల్ల ఎడమ బెంచీకి పంపింది. ఆ బెంచీ మీద థర్మామీటరు ఉండదు.

పక్కనున్నవాళ్ల మాటలు విన్నాక మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుకున్నారు. ఆ గుసగుసలు లక్ష్మమ్మ నాకు తర్వాత చెప్పింది.

"ఏమే, ఈడ పనికి తీసుకుంటా ఉండారంట."

"నీకు జరం కదయ్యా. ముందు జరం చూపించుకో."

"జరం రేపూ ఉంటాది. పని రేపు ఉంటాదో లేదో! జరమని చెప్తే పని ఇస్తారా? నోరు మూసుకో."

అలా జ్వరంతో ఆసుపత్రికి వచ్చిన మనిషి ఆసుపత్రిలో జ్వరం దాచుకున్నాడు. నా సర్వీసులో రోగాలు దాచుకున్న రోగుల్ని చాలామందిని చూశాను. సిగ్గుతో దాచేవాళ్లు, భయంతో దాచేవాళ్లు ఉంటారు. డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుని, డాక్టరు చూడకుండా జాగ్రత్తపడిన రోగి ఇతనొక్కడే.

గొట్టం పెడితే దగ్గు బయటపడుతుందని అతని భయం. అందుకని తన వంతు దగ్గరికి వచ్చినప్పుడల్లా, "నువ్వు పోప్పా, నాకేం తొందర లేదు" అని వెనకవాణ్ని ముందుకు పంపి, తను బెంచీ చివరికి జరిగేవాడు. దగ్గు తగ్గినాక పోదాం అనుకునేవాడు. దగ్గు వస్తే లేచి బయటికి వెళ్లి, మంజప్ప అంబులెన్సు వెనక నిలబడి దగ్గి వచ్చేవాడు. సాయంత్రం ఇంటికి పోయి, పొద్దున్నే స్వెట్టరు మెడదాకా బొత్తాలు పెట్టుకుని మళ్లీ వచ్చేవాడు. బెంచీ మీద అందరూ అతన్ని మెచ్చుకున్నారట. ఎంత ఓపికమంతుడో, ఎంత మర్యాదస్తుడో అని.

సిలిండరు

ఆరోజు లిఫ్టు చెడిపోయింది. పై వార్డుకు ఆక్సిజన్ సిలిండరు ఎక్కించాలి. కింద మనుషులు చాలక సెక్యూరిటీవాడు హాల్లో నిలబడి, "ఎవురన్నా ఒక చెయ్యి వెయ్యండప్పా" అని అరిచాడు. మునియప్ప గభాలున లేచాడు. తన బలం చూపించుకునే అవకాశం ఇదే అనుకున్నాడు. ఇద్దరు పట్టవలసినదాన్ని ఒక్కడే భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

నేను మెట్ల పైన ఉన్నాను. ముక్కూమొహం తెలియని మనిషి, ఊదారంగు పెదవులు, భుజాన సిలిండరు. దింపి, గోడ పట్టుకుని నిలబడి నాకేసి నవ్వాడు.

"ఎవురప్పా నువ్వు?" అన్నాను.

"పనికొచ్చినానమ్మా. తళి పక్క మాది."

"ఎవురు పిల్చినారు పనికి?"

"కింద సిస్టరమ్మ అడిగింది కదమ్మా, పని ఉండాదా అని. లేదంటే కూకోమనింది. కూకోని ఉండాను."

మాట మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను. పొయ్యి మీది పెనం లాగా ఉంది.

"ఇంత జరం పెట్టుకోని బరువులు మోస్తావా!"

మునియప్ప రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీ కాళ్లకు మొక్కుతాను. జరమని కింద చెప్పొద్దండమ్మా. పని ఇయ్యరు" అన్నాడు. ఆ మాట అంటూనే అక్కడే కూలబడిపోయాడు.

నిమోనియా ముదిరిపోయింది. అతను మోసుకొచ్చిన ఆక్సిజన్ అతనికే పెట్టాం. డాక్టర్ రంగరాజన్ కిందినుంచి పరుగెత్తుకొచ్చారు. ఆ రెండు గంటలూ ఆయన ఏ భాషా అరవలేదు, చేతులతోనే మాట్లాడారు. నేను చెప్పాను కదా, చెయ్యి బంగారమని. మెట్ల దగ్గర లక్ష్మమ్మ, వంతు వచ్చినప్పుడు మొగుడు వేసుకుంటాడని తెచ్చిన ఇస్త్రీ చొక్కా ఉన్న సంచి గుండెకు పట్టుకుని కూర్చుంది. బతుకుతాడని డాక్టర్ చెప్పేవరకు ఆమె కదల్లేదు, నేనూ కదల్లేదు.

తర్వాత కిందికి దిగి లిస్సీ పక్కన నిలబడ్డాను. ఒక ముసలాయన వచ్చాడు. "పనియుండో?" అంది లిస్సీ. "ఈ వయసులో నాకేం పని తల్లీ!" అన్నాడాయన. లిస్సీ ఎడమ బెంచీ చూపించింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వొచ్చింది, నిజం చెప్పాలి కదా. మునియప్ప గుర్తొచ్చి ఆగిపోయింది.

బోర్డు

డాక్టర్ గారి గదిలో పటం ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. ఆయన పటం వైపు తిరిగారు.

"అప్పుడు నా జ్వరం?" అన్నారు.

"రాగి కోతలు సార్."

"పండగకు ఎందుకు తగ్గింది?"

"పండగ పూట ఎవరు సార్ పని చేస్తారు?"

ఆయన లేచి గుండుసూదులు ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేశారు. జాలేసింది. ఆ తర్వాత పెద్దవాళ్లు చేసే పనే ఆయనా చేశారు. ఒక నియమం పెట్టారు. ఇకమీదట గుమ్మంలో ఇంగ్లీషు మాత్రమే. లిస్సీ "డు యు హావ్ ఫీవర్?" అంటే జ్వరం ఉన్నవాడూ యస్ అన్నాడు, కాలు విరిగినవాడూ యస్ అన్నాడు, రోగికి తోడొచ్చిన బావమరిదీ యస్ అన్నాడు. ఆ నియమం ఒక పూటలో చచ్చిపోయింది.

తర్వాత అన్ని భాషల్లో రాసిన బోర్డు పెట్టించారు. జ్వరం ఉందా అని తెలుగులో, తమిళంలో, కన్నడంలో, ఉర్దూలో, మలయాళంలో. అందరినీ సమానంగా చూశామని ఆయనకు తృప్తి. చదువురాని ఒకాయన మందుల షాపులో ఉన్న మలయాళీ అబ్బాయిని, ఈ బోర్డులో ఏముందో చదివి పెట్టమన్నాడు. ఆ అబ్బాయి తనకు వచ్చిన వరుస చదివాడు. "పనియుండో!" సాయంత్రానికి ఊళ్లో, ఆసుపత్రివాళ్లు ఈసారి బోర్డే కట్టేసినారంట అన్న మాట పుట్టింది. మర్నాడు ఎడమ బెంచీ మళ్లీ నిండింది.

అప్పుడు డాక్టర్ గారు చేతులెత్తేసి, "నువ్వే ఏదో ఒకటి చెయ్యి సరోజమ్మా" అన్నారు. నేను పెద్దగా ఏమీ చేయలేదు. కొత్త నర్సు ఎవరొచ్చినా మొదటి వారం యూనిఫాం వేయనివ్వలేదు. చీరలోనో చుడీదారులోనో బెంచీ మీద రోగుల మధ్య కూర్చోబెట్టాను. పక్కవాళ్లు ఏమంటున్నారో వినాలి, వాళ్లు పెడితే తినాలి, అర్థం కాకపోతే అడగాలి. బస్సులో తెచ్చుకున్న అనపకాయల గుగ్గిళ్లు పెట్టి, ఎన్ని మాటలు నేర్పించారో మనవాళ్లు! ఊరికే నేర్పలేదు, పెళ్లిళ్లు కూడా కుదర్చబోయారు. నర్సులు గుమ్మంలోకి వెళ్లేసరికి జరం, దగ్గు, ఆయాసం, కడుపునొప్పి నోటికి వచ్చేవి.

పిల్లలూ, నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. అవతలివాడి భాషను గౌరవించండి అని గోడల మీద రాస్తారు. గౌరవించడం సులువు, దూరంనుంచే చేయొచ్చు. పక్కన కూర్చోవడమే కష్టం. మీకు తెలిసిన మాట అవతలివాడి నోట వినబడిందంటే అక్కడ ఇంకొంచెం జాగ్రత్తగా ఉండండి. తెలియని మాటైతే ఎలాగూ అడుగుతారు. తెలిసినట్టున్న మాటే మనుషుల్ని చంపుతుంది.

డిశ్చార్జి

మునియప్ప మా వార్డులో చాలా రోజులున్నాడు. లిస్సీ డ్యూటీ అయ్యాక కూడా వచ్చి అతని మంచం దగ్గర కూర్చునేది. మందులు ఇస్తూ, మొహం తుడుస్తూ, మా హోసూరు తెలుగు నేర్చుకుంది. యాడ, ఈడ, ఆడ అంటుంటే బేరిగైలో పుట్టిన పిల్లలాగే ఉండేది. "నువ్వు ఇంగ మా పక్కదానివే సిస్టరమ్మా" అని మునియప్ప అనేవాడు.

నేను డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి, మునియప్పకు ఆసుపత్రిలో ఏదైనా పని ఇప్పించమని అడిగాను. ఆ ఊపిరితిత్తులతో కొన్ని నెలలదాకా బరువు పని కూడదన్నారు, తేలిక పనికి ఖాళీ లేదన్నారు. రెండూ నిజమే. మళ్లీ వెళ్లి అడిగాను. మళ్లీ అవే నిజాలు చెప్పారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది.

డిశ్చార్జి రోజు లక్ష్మమ్మ సంచి సర్దుకుంటోంది. మునియప్ప ఆ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒళ్లు తగ్గి వదులైపోయింది. లిస్సీ వాళ్ల ఎదురుగా వచ్చి నిలబడింది. ఏమనాలో ముందే అనుకుని వచ్చినట్టుంది, ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పింది.

"అక్కా, తప్పు నాది. నేను పని అడగలేదు. జరం ఉండాదా అని అడిగినాను. మా భాషలో అట్ల అంటారు. నా వల్ల అన్న చచ్చిపోతా ఉండె. మన్నించండి."

లక్ష్మమ్మ సంచి కింద పెట్టింది. లిస్సీ రెండు చేతులూ పట్టుకుంది.

"ఉండనీలే తల్లీ, నువ్వు ఏడవొద్దు. తోట మూసినాంక ఈయన యాడెక్కడ తిరగలేదు! చుట్టాలు తల తిప్పుకోని పోయిరి. పని ఉండాదా అని నోరు తెరిచి అడిగింది నువ్వొక్కదానివే. ఆ ఒక్క మాటకే ఈయన అన్ని దినాలు ఆడ కూకున్యాడు."

అలవాటు కొద్దీ, తర్జుమా చేసి చెబుదామని లిస్సీ వైపు తిరిగాను.

అక్కర్లేకపోయింది.